కాఫీ మానేసిన నలభై రోజులు

ఈ మార్చిలో తొమ్మిది రోజుల పాటు, చేతులు వణుకుతున్నాయని తెలిసి కూడా, నేను పిల్లల బస్సు నడిపాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెబుదామని పక్కన పెడితే నాకు ధైర్యం చాలదు.

నా పేరు రాజరత్నం. మంచిర్యాలలో ఒక ప్రైవేటు బడికి బస్సు డ్రైవర్ని. అంతకుముందు పద్నాలుగేళ్లు లారీ నడిపాను. ఆ రోజుల్లో నాకు రెండు అలవాట్లయ్యాయి. ఒకటి మందు. నా భార్య సుగుణ ఏడ్చి, కొట్లాడి, ఒకసారి పుట్టింటికి పోయి, చివరికి దాన్ని మాన్పించింది. మానేసి పదకొండేళ్లయింది. రెండోది కాఫీ.

మా వైపు ఇళ్లలో అందరూ చాయే తాగుతారు. నాకు కాఫీ రుచి తగిలింది విశాఖ ఏజెన్సీ కొండల్లో. మిరియాల లోడు కోసం పాడేరు దాటి పైకి పోయినప్పుడు బండి చెడిపోయి, సింహాచలం అనే రైతు ఇంట్లో రెండు రోజులు ఉండాల్సి వచ్చింది. కొండవాలు మీద పెద్ద చెట్ల నీడలో అతని కాఫీ తోట. అతని భార్య గింజలను పెనం మీద వేయించి, దంచి, కాచి గ్లాసులో పోసి ఇచ్చింది. ఆ చలిలో అది గొంతు దిగుతుంటే, ఇన్నాళ్లూ నేను తాగిందేమిటి అనిపించింది. అప్పటి నుంచి ఏటా చలికాలం చివర సింహాచలం ట్రాన్స్‌పోర్టులో నాకొక సంచి పంపిస్తాడు.

"కొండ కాఫీ ఒంటికి మంచిదన్నా. మా తాత ఇప్పటికీ కొండెక్కుతాడు" అనేవాడతను. నేనూ పదిమందికి అదే చెప్పేవాణ్ణి. సుగుణ మాత్రం గుండెదడ వస్తుందనేది. మా చర్చి సంఘంలో ఒకాయన షుగరు రాదనేవాడు, ఇంకొకాయన కడుపులో పుండు పడుతుందనేవాడు. కాఫీ గురించి ఏమీ తెలియని మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు.

మూడేళ్ల కిందట నాకు ముఖం ఉబ్బడం, పట్టపగలు కునుకు రావడం మొదలైతే, పరీక్ష చేసి థైరాయిడ్ తక్కువగా ఉందన్నారు. మగవాళ్లకు కూడా ఇది వస్తుందా అని సిగ్గుపడ్డాను. రోజూ పొద్దున్నే పరగడుపున ఒక గోలీ వేసుకోవాలి, జీవితాంతం. పరగడుపు అంటే తిండి తినకుండా అని అర్థం చేసుకున్నాను. కాఫీ తిండి కాదు కదా. నాలుగున్నరకు లేచి, చిక్కటి కాఫీ కాచుకుని, గోలీ నోట్లో వేసుకుని ఆ కాఫీతోనే మింగేవాణ్ణి. ఆరు నెలలకోసారి రక్తం చూపిస్తే, ఇంకా తక్కువే ఉందని గోలీ పెంచేవారు. యాభై పవరు గోలీతో మొదలై నూట యాభైకి వచ్చాను. అప్పుడు గాని రిపోర్టు సరిగ్గా రాలేదు.

"నీ ఒంటికి ఎక్కువ డోసే కావాలె" అన్నారు. సరే అనుకున్నాను.

ఫిబ్రవరిలో శ్రమ దినాలు మొదలయ్యాయి. ఈస్టరుకు ముందు నలభై రోజులు మేము ఉపవాస ప్రార్థనల్లో గడుపుతాం. మా పాస్టరు గారు మొదటి రోజు బుధవారం, ఎవరికి ఏది ప్రాణమో దాన్ని ఈ నలభై రోజులు వదలండి అన్నారు. సుగుణ పక్క నుంచి నన్ను మోచేత్తో పొడిచింది. నేను లేచి నిలబడి కాఫీ, చాయ్ రెండూ మానేస్తున్నానని చెప్పాను. గోలీ మటుకు మంచినీళ్లతో వేసుకోవడం మొదలుపెట్టాను.

మొదటి మూడు నాలుగు రోజులు తల పగిలిపోయింది. కాఫీ మానితే అలాగే ఉంటుందన్నారు, ఓర్చుకున్నాను. తర్వాత రెండు వారాలు మాత్రం చాలా హాయిగా గడిచాయి. ఒళ్లు తేలికైంది. ఆకలి పెరిగింది, అయినా ప్యాంటు వదులైంది. "కాఫీ మాన్తే ఎంత మంచిగైనవో చూసుకో" అని సుగుణ అద్దం ముందు నిలబెట్టింది. ఇన్నేళ్లు ఆ కాఫీయే నన్ను తినేసిందేమో అని నేనూ నమ్మాను.

మార్చి మొదటి వారంలో నిద్ర పోయింది. ఎండ ముదరకముందే చొక్కా తడిసిపోయేది. కూరలో ఉప్పు తక్కువైందని ఒకరోజు కంచం నెట్టేశాను. సుగుణ కింద పడిన మెతుకులు ఏరుతూ నా కళ్లలోకి ఒకసారి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. పదకొండేళ్ల కిందటి చూపు.

చేయి వణకడం మొదట బడి ఆఫీసులో చూశాను. పొద్దున డ్రైవర్లం రిజిస్టరులో సంతకం పెట్టాలి. నా సంతకం చీమ పాకినట్టు వంకర్లు పోయింది. ఎవరైనా చూశారేమో అని పేజీ తిప్పేశాను. ఆ రోజు నుంచి తొమ్మిది రోజులు లెక్క.

ఎందుకు చెప్పలేదని మీరు అడగవచ్చు. ఉద్యోగంలో చేరేటప్పుడు ప్రిన్సిపాల్ మేడం నన్ను ఒక్కటే అడిగారు. "తాగుతవా?" "తాగేటోణ్ణి మేడం, మానేసిన." ఆమె నన్ను నమ్మి నలభై మంది పిల్లల్ని అప్పగించారు. వణికే చేతులు చూపిస్తే ఆమె ఏమనుకుంటుంది? ఇంకో రెండు రోజులకు తగ్గుతుందిలే అని రోజూ అనుకున్నాను. స్టీరింగును గట్టిగా పట్టుకుంటే వణుకు తెలిసేది కాదు. సాయంత్రానికి అరచేతులు కందిపోయేవి.

నాలుగో రోజో ఐదో రోజో, ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుంటే సుగుణ దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఊదు" అంది.

"ఏంది?"

"నా మొఖం మీద ఊదు."

ఊదాను. ఆమె కళ్లు మూసుకుని వాసన పీల్చింది. ఏమీ లేదు. ఏమీ లేకపోవడంతో ఆమె ముఖం ఇంకా పాలిపోయింది.

"వాసన రానిది ఏమన్న తీసుకుంటున్నవా? నాకు నిజం చెప్పు. నన్ను మోసం చెయ్యకు."

"బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పాల్నా?"

"గప్పుడు గూడ పెట్టినవ్ గదా" అంది.

ఆమె అన్నది అబద్ధం కాదు. తాగే రోజుల్లో అలాగే ఒట్టు పెట్టి తాగాను. మరునాడు పొద్దున ఆమె నా స్కూటీ డిక్కీ తెరిచి వెతుకుతుంటే కిటికీలోంచి చూశాను. చూడనట్టు బయలుదేరాను.

తొమ్మిదో రోజు సాయంత్రం, పిల్లల్ని ఊళ్లల్లో దించడానికి పోతూ రైలు గేటు దగ్గర ఆగాను. బొగ్గు గూడ్సు పోతోంది. డబ్బా తర్వాత డబ్బా, అది తెగడం లేదు. వెనక పిల్లలు గోల చేస్తున్నారు. ఉన్నట్టుండి నా ఛాతీలో ఏదో గంతు వేసింది. తర్వాత మళ్లీ మళ్లీ, ఒక వరుస లేకుండా, కప్పను పిడికిట్లో పట్టుకున్నట్టు. కళ్ల ముందు మసక కమ్మింది. గేటు లేచింది. వెనక బండ్లు హారన్లు కొట్టాయి. బ్రేకు మీది కాలు తీయాలంటే భయం వేసింది. తీస్తే ఈ పట్టాల మీద ఏమవుతుందో నాకు తెలియదు.

ఎలాగో బండిని రోడ్డు పక్కకు తీసి, ఇంజను ఆపి, తాళం చెవి తీసి మా బస్సు ఆయా పోశమ్మకు ఇచ్చాను.

"అక్కా, ఇగ నేను నడపను. బడికి ఫోన్ చెయ్యి."

"ఏమైందే రత్నం?"

"చెయ్యి అక్కా, జల్ది."

దిగి మట్టిలో కూర్చున్నాను. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. చేతులు దాచుకుందామన్నా ఆగడం లేదు. బస్సు రాలేదని తర్వాతి ఊళ్లో ఎదురుచూస్తున్న వైష్ణవి వాళ్లమ్మ స్కూటీ వేసుకుని వచ్చింది. రెండో తరగతి పిల్ల వైష్ణవి. ఆమె నన్ను చూసింది, నా చేతులు చూసింది.

"దిగవే" అని బిడ్డను చేయి పట్టి దించుకుంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "పిలగాండ్లను ఎక్కించుకొని తాగుతవా? నీకు పిల్లల్లేరా?" అంది.

తాగలేదని తల అడ్డంగా ఊపాను. ఎవరో పోలీసుల్ని పిలిచారు. కానిస్టేబుల్ మిషను తెచ్చి ఊదమన్నాడు. ఊదాను. సున్నా వచ్చింది. "గంజాయి గావచ్చు" అన్నారు గుంపులో ఎవరో.

ఆసుపత్రికి నన్ను ఆటోలో తీసుకుపోయింది పోశమ్మ. వేరే డ్రైవర్ వచ్చి పిల్లల్ని తీసుకుపోయాడు. సుగుణ వచ్చేదాకా ఆమె నా చెప్పులు ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. ఆమె ఇల్లు ఊరి అవతల, ఆఖరి బస్సు పోతుందని తెలుసు. అయినా లేవలేదు.

అక్కడి డాక్టరు గారు గుండె పరీక్ష తీశారు. ఆ సమయానికి గుండె మళ్లీ సర్దుకుంది. ఈసీజీ పట్టీలో ఏమీ కనిపించలేదు.

"కాఫీ, చాయ్ ఎక్కువ తాగుతవా?"

"లేదు సార్, నెల దాటింది. మొత్తానికే మానేసిన."

"మంచి పని చేసినవ్. గట్లనే ఉండు. కొత్తగ మందులేమన్న మొదలువెట్టినవా?"

"లేదు సార్. థైరాయిడ్ గోలీ ఒక్కటే. అది పాతదే."

టెన్షన్ తగ్గించుకోమని, నిద్రకు గోలీ రాసి పంపించారు. బడి నుంచి ఫోన్ వచ్చింది. మళ్లీ చెప్పేవరకు బస్సు ముట్టుకోవద్దన్నారు. అది న్యాయమే. ఇంట్లో సుగుణ ఈసారి ఊదమని అడగలేదు. మిషను సున్నా చూపించినా ఆమె భయం పోలేదు, ఎందుకంటే దానికి పేరు దొరకలేదు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి పోయారు. నేను తల వంచుకున్నాను గాని లోపల ఒకటే మాట తిరుగుతోంది. దేవుడి కోసం మానేస్తే దేవుడే కొట్టాడా అని.

రెండు రోజులకు మళ్లీ గుండె గతి తప్పింది. ఈసారి సర్దుకోలేదు. మా సంఘపెద్ద తన కారులో కరీంనగర్ తీసుకుపోయాడు. పెద్దపల్లి దాటేవరకు సుగుణ నా మణికట్టు పట్టుకుని నాడి చూస్తూనే ఉంది. చూడడం ఆమెకు రాదు. అయినా వదల్లేదు.

కరీంనగర్ ఆసుపత్రిలో చేర్చుకుని, తీగలు తగిలించి, రక్తం తీశారు. మరునాడు పొద్దున డాక్టరమ్మ రిపోర్టు పట్టుకుని వచ్చారు. వయసులో చిన్నావిడ, మాట మాత్రం ఖరాఖండిగా ఉంటుంది.

"థైరాయిడ్ మందు నీ ఒంట్ల చాలా ఎక్కువైంది. రోజుకు ఎన్ని గోలీలు వేసుకుంటున్నవ్?"

"ఒక్కటే మేడం."

"నిజం చెప్పు. బరువు తగ్గనీకి కొందరు ఎక్కువ వేసుకుంటరు."

"ఒక్కటే. ఏడాది సంది అదే."

ఆమె నమ్మలేదు. గొంతుకు స్కానింగు చేయాలి, గ్రంథిలోనే ఏదైనా కొత్తగా మొదలైందేమో చూడాలి అన్నారు. గ్రంథి అనే మాట వినగానే సుగుణ నా భుజం పట్టుకుంది. క్యాన్సరు అనే మాట మా ఇద్దరికీ ఒకేసారి తోచింది.

స్కానింగు గది బయట గంటకు పైగా కూర్చున్నాం. సుగుణ సంచిలోంచి గోలీల సీసా తీసి, కొంగు పరిచి, మిగిలినవి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. కొన్న తేదీ చీటీ మీద ఉంది. వేళ్ల మీద రోజులు లెక్కగట్టి, మళ్లీ గోలీలు లెక్కగట్టింది.

"సరిగ్గున్నయ్. ఒక్కటి గూడ ఎక్కువ తీస్కోలే" అంది. "డాక్టరమ్మకు నేను చూపిస్త. నా మొగడు అబద్ధం చెప్తలేడని చెప్త."

మార్చి నెల మొత్తంలో ఆమె నా వైపు నిలబడిన మొదటి క్షణం అది. నేను గోడకేసి తిరిగి ముఖం తుడుచుకున్నాను.

మా పక్కన ఒక ముసలామె ఫ్లాస్కుతో కూర్చుని ఉంది. పేరు రజియా బేగం, భర్తను చూపించడానికి వచ్చింది. మమ్మల్ని చూసి ఒక కప్పులో చాయ్ పోసి నా ముందు పెట్టింది.

"తాగు భాయ్. పరేషాన్ ఉన్నవ్."

"వద్దమ్మా, మాకు శ్రమ దినాలు. నలభై రోజులు కాఫీ, చాయ్ మానేసిన."

"అచ్ఛా, మా రంజాన్ రోజాల లెక్క" అని కప్పు సుగుణకు ఇచ్చింది. ఆమె కళ్లు సీసా మీద పడ్డాయి. "ఇది థైరాయిడ్ గోలీ గదా? నాక్కూడ ఇదే. ఈ గోలీ తోని నేను పడ్డ తక్లీఫ్ అల్లాకెరుక. పెంచుకుంటనే పోయిండ్రు. లాస్టుకు డాక్టర్ సాబ్ అడిగిండు, దేంతోని మింగుతున్నవ్ అని. చాయ్ తోని అన్న. ఎంత తిట్టిండో. గోలీ మింగి గంటసేపు చాయ్ గీయ్ ముట్టొద్దంట. చాయ్ తాగితే గోలీ ఒంటికి పట్టదంట."

"గంట ఆగి తాగినంక?" అని అడిగాను.

"ఆగినంక గోలీ మంచిగ పట్టింది. ఎక్కువ అయింది. మళ్ల తగ్గించిండ్రు."

నేనూ సుగుణా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆమె కప్పు కింద పెట్టేసింది. గోలీలు కొంగులో అలాగే ముడివేసుకుని డాక్టరమ్మ గదికి దాదాపు పరుగెత్తింది.

డాక్టరమ్మ మా మాట మొత్తం విన్నారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"కాఫీతోనే మింగేటోడివా? రోజూ?"

"రోజూ మేడం. మూడేండ్లు."

"అయితే గోలీల కొంతే ఒంటికి పట్టింది. పట్టలేదని మీ డాక్టరు పెంచుకుంటూ వచ్చిండు. పెంచినంక లెక్క కుదిరింది. ఇప్పుడు కాఫీ ఆపినవ్. గోలీ మొత్తం పట్టింది. కాఫీ తప్పు కాదు, మానడం తప్పు కాదు. ఎట్ల మింగుతున్నవో ఎవరం అడగలే, నువ్వు చెప్పలే." రిపోర్టు మడిచి, "నిన్ను పొద్దున అనుమానించిన. ఏమనుకోకు" అన్నారు.

స్కానింగులో ఏమీ లేదని సాయంత్రం తెలిసింది. రజియా బేగం కోసం బయటికి వస్తే వాళ్లు వెళ్లిపోయారు. ఆమెకు ఒక మంచి మాట చెప్పుకోలేకపోయిన బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పేరు దొరికినంత మాత్రాన రోగం పోలేదు. గోలీ ఆపి, తర్వాత సగానికి తగ్గించి, గుండెకు వేరే మందు ఇచ్చారు. ఒంట్లో చేరింది దిగడానికి వారాలు పట్టింది. గుడ్ ఫ్రైడే నాడు ఇంట్లో మంచం మీద ఉన్నాను. ఈస్టరు పొద్దున అందరూ చర్చికి పోతే, నేను గడప మీద కూర్చుని నా నాడి నేనే లెక్కపెట్టుకున్నాను. ఏప్రిల్ అంతా అదే పని. నాలుగు కొట్టి ఐదోది ఒక్క క్షణం ఆలస్యమైతే చచ్చిపోతున్నానని చెమటలు పట్టేవి. వణుకు ఆగిపోయాక కూడా భయం ఆగలేదు. దాని సంగతి డాక్టర్లు చెప్పలేదు, అందుకని నేను చెబుతున్నాను. ఒళ్లు నయమయ్యాక భయం నయం కావడానికి వేరే సమయం పడుతుంది.

ఎవరి ద్వారానో తెలిసి సింహాచలం ఫోన్ చేశాడు.

"ఏటన్నా, మా కాఫీ వల్లేనేటి నీకీ కష్టం?"

"కాదు తమ్మీ. నాకు మింగుడు తెల్వకపాయె."

"మరింక తాగవేటి?"

"గుండె కుదురుకున్నంక తాగుత. గోలీకి కాఫీకి నడుమ గంట ఉండాలె, అంతే."

ఒక రాత్రి భోజనాల దగ్గర సుగుణ తల ఎత్తకుండా, "డిక్కీ వెతికిన. నీ బట్టలు గూడ" అంది.

"చూసిన."

"చూసి ఎందుకు అనలే?"

"నీ జాగాల నేనుంటే నేనూ వెతికేటోణ్ణే."

మే నెలలో గుండె పరీక్షలన్నీ సరిగ్గా వచ్చాయి. డాక్టరమ్మ బండి నడపవచ్చని కాగితం ఇచ్చారు. అది పట్టుకుని ప్రిన్సిపాల్ మేడం దగ్గరికి పోయాను. ఆమె చదివి, "మేం నిన్ను తప్పుగా అనుకున్నం రత్నం" అన్నారు. అక్కడితో ఊరుకుంటే అయిపోయేది.

"పూర్తిగ తప్పు కాదు మేడం" అన్నాను. "గేటు దగ్గర ఆపినంక అందరికీ తెల్సింది. కని అంతకు ముందు తొమ్మిది రోజుల సంది చేతులు వణుకుతున్నయ్. తెల్సే నడిపిన."

ఆమె కాగితం బల్ల మీద పెట్టారు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెల్వకపోవు గదా?"

"అవు మేడం."

"నాకు చెప్పినవ్ సరే. తల్లిదండ్రులకు ఎవరు చెప్తరు?"

జూన్ మొదటి వారంలో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. రెండు వరుసల కుర్చీల ముందు నిలబడి, గోలీ సంగతి, కాఫీ సంగతి, తొమ్మిది రోజుల సంగతి చెప్పాను. ఒంట్లో ఏ తేడా వచ్చినా మొదటి రోజే తాళం చెవి ఇచ్చేస్తానని మాట ఇచ్చాను. ఇద్దరు తండ్రులు వాళ్ల పిల్లల్ని వేరే బస్సుకు మార్చమన్నారు. నేను తల ఊపాను. ఒక ముసలాయన సమావేశం అయ్యాక నన్ను పక్కకు పిలిచి, తన భార్య కూడా గోలీ చాయ్‌తోనే మింగుతుందని, వెంటనే మానాలా, డాక్టరుకు చూపించాకనా అని అడిగాడు. చూపించాకే మానమన్నాను. ఉన్నట్టుండి మానితే ఏమవుతుందో నా కథే సాక్ష్యం. వైష్ణవి వాళ్లమ్మ వెనక వరుసలో కూర్చుని విన్నది. ఏమీ అడగకుండా వెళ్లిపోయింది.

బడి తెరిచిన రోజు మొదటి చుట్టు వేశాను. వాళ్ల ఊరి స్టాపులో వైష్ణవిని ఎక్కించి, వాళ్లమ్మ కూడా ఎక్కింది. పోశమ్మ నా వైపు చూసింది. నేను గేరు వేశాను. ఆమె సరిగ్గా నా సీటు వెనక కూర్చుంది, బిడ్డను ఒళ్లో పెట్టుకుని. ఆగిన ప్రతి స్టాపులో, గేటు దగ్గర, మలుపుల్లో, ఆమె కళ్లు నా వీపు మీద ఉన్నట్టే అనిపించింది. నేను ఒక్కసారి కూడా లోపలి అద్దంలోకి చూడలేదు. బండి మాత్రం నడిపాను.

బడి ముందు పిల్లలంతా దిగారు. ఆమె చివర దిగింది. కింద నిలబడి, బిడ్డ సంచి భుజానికి తగిలించి పంపించి, నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"రేపటి సంది నేను రాను అన్నా" అంది. "పిల్లను నువ్వు తోల్కపో."